ఆత్మకు జబ్బు రాదు, మరి ఆత్మారోగ్యం అంటే ఏమిటి?

ఎవరైనా పెద్ద మనిషికి ఒంట్లో నలతగా ఉంటే మర్నాడు పేపర్లో "అస్వస్థత" అని వస్తుంది. రోజూ కనబడే మాట కావడంతో దాని లోపల ఏముందో ఎవరూ ఆగి చూడరు. స్వ అంటే తాను, స్థ అంటే ఉన్నది. స్వస్థుడంటే తనలో తాను ఉన్నవాడు. అస్వస్థుడంటే తన చోటు నుంచి జరిగిపోయినవాడు. ఇది పండితులు చెప్పుకునే వ్యుత్పత్తి మాత్రమే అనుకోనక్కర్లేదు. దిగులు పట్టినప్పుడు "మనసు మనసులో లేదు" అంటాం. పెద్ద దెబ్బ తగిలిన మనిషిని చూసి "తనలో తాను లేడు" అంటాం. సంస్కృతం ఒక్కరోజు కూడా చదవనివాళ్ల నోట అదే భావం పలుకుతుంది.

ఆరోగ్యం అనే మాట పుట్టుక వేరు. రోగం లేకపోవడం ఆరోగ్యం. అది లేనిదాన్ని బట్టి పెట్టిన పేరు. స్వస్థత ఉన్నదాన్ని బట్టి పెట్టిన పేరు. ఒళ్లు, మనసు, ఆత్మ మూడూ బాగుండాలని హిందూ సంప్రదాయం చెప్పిన మాటలు ఎక్కువగా ఈ రెండో పేరు చుట్టూనే తిరుగుతాయి.

పాత ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహితలో, సూత్రస్థానం అనే భాగం 15వ అధ్యాయంలో స్వస్థుడు ఎవరో ఒకే శ్లోకంలో ఉంది. మొదటి సగం పూర్తిగా ఒంటి సంగతి. వాత పిత్త కఫాలు సమంగా ఉండాలి, ఆకలి పుట్టించి అరిగించే అగ్ని సమంగా ఉండాలి, ఒంటిని నిలబెట్టే ధాతువుల పని, మలాలు బయటికి పోయే పని సరిగ్గా సాగాలి. ఇంతవరకు ఏ వైద్యుడైనా చెప్పేదే. రెండో సగంలో శ్లోకం ఒక్కసారిగా లోపలికి తిరుగుతుంది. "ప్రసన్నాత్మేంద్రియమనాః" అంటాడు సుశ్రుతుడు. ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉన్నవాడే స్వస్థుడట. అంటే పరీక్షల రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చినా, లోపల ప్రసన్నత లేకపోతే సుశ్రుతుడి లెక్కలో ఆ మనిషి ఇంకా స్వస్థుడు కాడు.

1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి కూడా ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం ఒక్కటే కాదంది. శారీరకంగా, మానసికంగా, సామాజికంగా పూర్తిగా బాగుండడమని నిర్వచించింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి "మనవాళ్లు ముందే చెప్పారు" అని సంబరపడడం మామూలే. కానీ తేడా కూడా చూడాలి. సుశ్రుతుడి శ్లోకంలో సమాజం ప్రస్తావన లేదు, ఆ నిబంధనావళిలో ఆత్మ ప్రస్తావన లేదు. ఆత్మ అనే మాటను ఒక వైద్యగ్రంథం నిర్వచనంలోకి ఎందుకు తెచ్చిందన్నది అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న పైకి కనిపించేంత తేలిక కాదు. ఇంకో ఆయుర్వేద గ్రంథం చరక సంహిత మొదటి అధ్యాయం మనసు, ఆత్మ, శరీరం మూడూ త్రిదండంలా ఉన్నాయంటుంది. మూడు కర్రల్ని ఒకదానికొకటి ఆనించి నిలబెడితే నిలుస్తాయి, ఒకటి తీస్తే మిగతా రెండూ పడిపోతాయి. అదే అధ్యాయంలో మరి కొద్ది శ్లోకాల తర్వాత చరకుడు ఇంకో మాట అంటాడు. జబ్బులకు ఉండే చోట్లు రెండే, శరీరం, మనసు. ఆత్మ మాత్రం నిర్వికారం. దానికి మార్పు లేదు, జబ్బు లేదు.

జబ్బే రానిదానికి ఆరోగ్యం ఏమిటి? "బాడీ, మైండ్, సోల్" అని ఒక్క ఊపిరిలో చెప్పేసే ప్రసంగాల్లో ఈ చిక్కు కనబడదు. మూడూ ఒకే వరసలో ఉన్న మూడు వస్తువులన్నట్టు, ఒంటికి వ్యాయామం, మనసుకు ధ్యానం, ఆత్మకు పూజ అని పంచేస్తారు. గ్రంథాలు అలా పంచలేదు.

ఒళ్లు అడ్డంకి కాదు

ఆత్మను అంత ఎత్తున పెట్టిన సంప్రదాయం ఒంటిని చిన్నచూపు చూసిందేమో అన్న అనుమానం చాలామందికి ఉంది. శరీరం అశాశ్వతమని, తోలుతిత్తి అని చెప్పే మాటలు మన దగ్గర తక్కువేమీ కావు. అవి వైరాగ్యం కోసం చెప్పినవి. వాటిని ఆరోగ్యసూత్రాలుగా తీసుకుంటే పొరపాటవుతుంది.

తైత్తిరీయోపనిషత్తులో భృగువు తన తండ్రి వరుణుడి దగ్గరికి వెళ్లి బ్రహ్మమంటే ఏమిటో చెప్పమంటాడు. తపస్సు చేసి తెలుసుకోమంటాడు తండ్రి. భృగువుకు మొదట దొరికిన జవాబు అన్నమే బ్రహ్మమని. మళ్లీ వెళ్లాడు, మళ్లీ తపస్సు. ప్రాణం, మనసు, విజ్ఞానం, చివరికి ఆనందం. ఆనందం దాకా వెళ్లాక మొదటి మెట్టును ఉపనిషత్తు తీసిపారేయలేదు. వెంటనే చెప్పిన మాట "అన్నం న నింద్యాత్", అన్నాన్ని నిందించకూడదు, అదే వ్రతం. శిఖరం ఎక్కినవాడికి వెంటనే తిండి మీద గౌరవం గుర్తుచేసిన ఈ మలుపు దగ్గర కాసేపు ఆగాలి.

పంచకోశాల గురించి, అంటే అన్నమయం నుంచి ఆనందమయం దాకా మనిషిలో ఉన్న ఐదు కోశాల గురించి చెప్పే బ్రహ్మానందవల్లి కూడా ఇదే ఉపనిషత్తులోది. ఉల్లిపాయ పొరల్లా ఒక్కొక్కటీ ఒలిచి పారేయాలన్నట్టు పంచకోశాలను వివరించడం పరిపాటి అయింది. మూలంలో ఉన్న బొమ్మ వేరు. ఒక్కో కోశాన్నీ ఒక పక్షిగా వర్ణించింది ఉపనిషత్తు. తల, కుడి రెక్క, ఎడమ రెక్క, నడిమి దేహం, తోక. అన్నమయాన్ని ప్రాణమయం నింపుతుంది, ప్రాణమయాన్ని మనోమయం నింపుతుంది. విజ్ఞానమయమనే పక్షికి తల శ్రద్ధ, రెక్కలు ఋతం, సత్యం. ఒకదానిలో ఒకటి నిండి ఉన్న పక్షులివి. రెక్క విరిగితే పక్షి ఎగరదన్నది వేరే చెప్పనక్కర్లేదు.

కాళిదాసు కుమారసంభవంలో పార్వతి కఠోర తపస్సు చేస్తుంటే బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు మొదట ఆమె యోగక్షేమాలే అడుగుతాడు. శక్తికి మించి తపస్సు చేయడం లేదు కదా అంటూ "శరీరమాద్యం ఖలు ధర్మసాధనమ్" అంటాడు. ధర్మం చేయడానికి మొట్టమొదటి పనిముట్టు శరీరమే. భగవద్గీత ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో ఒంటిని కృశింపజేసేవాళ్లు వాళ్ల లోపలున్న తనను, అంటే భగవంతుణ్ని కూడా కృశింపజేస్తున్నారని, వాళ్లది అసుర నిశ్చయమని 17వ అధ్యాయంలో కృష్ణుడంటాడు. ఆరో అధ్యాయంలో మరీ ఎక్కువ తినేవాడికి, బొత్తిగా తిననివాడికి, అతిగా నిద్రపోయేవాడికి, అతిగా మేలుకునేవాడికి యోగం కుదరదంటాడు. యోగసూత్రాలు చెప్పిన పతంజలి యోగానికి అడ్డంకులు తొమ్మిది లెక్కపెడితే అందులో మొదటిది వ్యాధి. సందేహం, బద్ధకం, భ్రమ అన్నీ ఆ తర్వాతే.

పదిహేను రోజుల ఉపవాసం

ఒంటికీ మనసుకూ ఉన్న ముడిని ఛాందోగ్యోపనిషత్తు వాదించి చెప్పలేదు, ఒక ప్రయోగం చేసి చూపించింది. శ్వేతకేతువు పన్నెండో ఏట గురువు దగ్గరికి వెళ్లి ఇరవైనాలుగో ఏట వేదాలన్నీ చదువుకుని, కాస్త గర్వంగా ఇంటికొచ్చాడు. తండ్రి ఉద్దాలకుడు అతడికి మనసు అన్నమయమని చెబితే, ఇంకా వివరించమన్నాడు. "పదిహేను రోజులు ఏమీ తినకు. నీళ్లు మాత్రం కావలసినన్ని తాగు. నీళ్లు తాగితే ప్రాణం పోదు" అన్నాడు తండ్రి.

పదిహేను రోజులైంది. కొడుకు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమన్నాడు తండ్రి. పన్నెండేళ్లు నోటికి పట్టిన చదువు, ఒక్కటీ రాలేదు. "నాకేమీ తోచడం లేదు" అన్నాడు కొడుకు. పెద్ద మంటలో మిణుగురు పురుగంత నిప్పుకణిక ఒక్కటి మిగిలితే అది ఎంత కాల్చగలదు? నీలో పదహారు కళలు, అంటే పదహారు భాగాలుంటే ఇప్పుడు ఒక్కటే మిగిలింది, వెళ్లి తినమన్నాడు తండ్రి. తిని వచ్చాక ఏది అడిగినా గడగడా చెప్పాడు. ఆ చిన్న నిప్పుకణికకే గడ్డి వేసి రాజేస్తే మళ్లీ మండినట్టు అన్నాడు తండ్రి.

ఇక్కడ ఉద్దాలకుడు గర్వభంగం చేశాడనుకోవచ్చు. దానికంటే పెద్ద సంగతి, చదువూ జ్ఞాపకమూ కూడా ఒంటి మీద ఆనుకుని ఉన్నాయని కొడుకుకు అనుభవంలోకి తేవడం. ఆకలితో ఉన్నవాడికి ఆత్మజ్ఞానం బోధించబోవడం ఎంత అన్యాయమో ఈ ఒక్క కథ చాలు చెప్పడానికి.

అదే ఉపనిషత్తు ఏడో అధ్యాయం చివర్లో "ఆహారశుద్ధౌ సత్త్వశుద్ధిః" అని ఉంది. ఆహారం శుద్ధమైతే మనసు శుద్ధమవుతుంది, మనసు శుద్ధమైతే స్మృతి నిలుస్తుంది. ఆహారం అంటే ఏమిటన్న దగ్గర ఆచార్యుల మధ్య తేడా వచ్చింది. రామానుజులు నోటితో తినే తిండినే తీసుకున్నారు. శంకరులు మాత్రం లోపలికి తీసుకునేది ఏదైనా ఆహారమేనన్నారు. చెవి తీసుకునే శబ్దం, కన్ను తీసుకునే రూపం కూడా అందులోకే వస్తాయి. పళ్లెంలో ఏముందో ఎంతో జాగ్రత్తగా చూసుకుని, చేతిలోని తెర మీద ఏం కనబడితే అది మింగేస్తున్న ఈ రోజుల్లో శంకరుల అర్థం మరింత పదునుగా తగులుతుంది.

కాలిన ఇనప గుండు

ఒళ్లు మనసును నడిపిస్తుందనడానికి శ్వేతకేతువు కథ చాలు. మనసు ఒంటిని ఎలా నడిపిస్తుందో తెలుగువాళ్లకు భాషే నేర్పింది. కోపమొస్తే ఒళ్లు మండుతుంది. అసూయ అయితే కడుపుమంట. భయమేస్తే గుండె జారిపోతుంది. బెంగతో మంచం పట్టాడంటాం. ఆధి, వ్యాధి అని రెండు మాటలు విడివిడిగా ఉన్నా "ఆధివ్యాధులు" అని జంటగానే వాడతాం. ఆధి మనసుది, వ్యాధి ఒంటిది.

భారతంలో దీనికి మరచిపోలేని పోలిక ఉంది. అడవికి వెళ్తున్న ధర్మరాజును ఓదారుస్తూ శౌనకుడు, మనసులోని దుఃఖంతో ఒళ్లు ఎలా కాగుతుందో చెబుతాడు. కుండలో నీళ్లున్నాయి. ఎర్రగా కాలిన ఇనప గుండును అందులో వేస్తే నీళ్లు సలసల కాగుతాయి. కుండ కింద మంట లేదు. బయటినుంచి చూసేవాడికి కారణం కనబడదు. కుండను ఎంత తుడిచినా, నీడలో ఎంతసేపు పెట్టినా లోపలి గుండు చల్లారేదాకా నీళ్లు కాగుతూనే ఉంటాయి. పరీక్షల్లో ఏమీ తేలక, నిద్ర పట్టక, ఆకలి లేక, తలనొప్పి తగ్గక తిరిగేవాళ్లను ఎరిగినవారికి ఈ కుండ బాగా తెలుసు.

యుద్ధమయ్యాక శాంతిపర్వంలో ఇదే మాట భీముడి నోట వస్తుంది. కండబలానికి మారుపేరైన మనిషి అన్నగారితో అంటాడు. జబ్బులు రెండు రకాలు, ఒంటివీ మనసువీ. ఒకదానినుంచి ఒకటి పుడతాయి, ఒకటి లేకుండా రెండోది ఉండదు. అందరినీ పోగొట్టుకుని రాజ్యమే వద్దంటున్న ధర్మరాజు పరిస్థితిని ఇప్పుడైతే డిప్రెషన్ అంటాం. భీముడికి ఆ మాట తెలియదు గానీ, నువ్వు యుద్ధం గెలిచావు, ఇప్పుడు నీ మనసుతో ఒంటరిగా చేయాల్సిన యుద్ధం వచ్చింది, అందులో బాణాలు పనిచేయవు, చుట్టాలు పనికిరారు అని చెప్పగలిగాడు.

తెలిసీ చేసే తప్పు

ఇన్ని గ్రంథాల్లోనూ ఆరోగ్యం గురించి అన్నిటికంటే నిక్కచ్చి మాట చరకుడిది. జబ్బులకు ఆయన చెప్పిన కారణాలు మూడు. ఇంద్రియాలను అతిగానో, బొత్తిగా లేకుండానో, తప్పుగానో వాడడం ఒకటి. కాలప్రభావం ఒకటి. మూడోది ప్రజ్ఞాపరాధం, తెలివి చేసే నేరం. బుద్ధి, ధృతి, స్మృతి మూడూ జారిపోయినప్పుడు మనిషి చేసే పని అది. బుద్ధి జారితే మంచిది చెడ్డదిగా, చెడ్డది మంచిదిగా కనబడుతుంది. ధృతి జారితే చెడ్డదని తెలిసీ ఆపుకోలేం. స్మృతి జారితే పోయినసారి ఏమైందో మరచిపోతాం.

చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయంలో వేగాల గురించి, అంటే లోపలినుంచి తోసుకొచ్చే వాటి గురించి ఉంది. ఆపుకోకూడని వేగాలు పదమూడు. మూత్రం, మలం, తుమ్ము, త్రేన్పు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీళ్లు, నిద్ర, అలసటతో వచ్చే రొప్పు ఇలాంటివి. వీటిని బిగబట్టుకుంటే ఏ బాధలు వస్తాయో ఒక్కొక్కదానికీ చెప్పాడు. కన్నీళ్లను ఈ పట్టికలో చేర్చాడని చూస్తే మనసు చల్లబడుతుంది. ఏడుపొస్తే ఏడవాలి, ఆపుకుంటే జబ్బు చేస్తుందని వైద్యుడు రాసిపెట్టాడు. వెంటనే రెండో పట్టిక మొదలవుతుంది. ఇవి ఆపుకోవలసిన వేగాలు. లోభం, శోకం, భయం, కోపం, గర్వం, సిగ్గులేనితనం, ఈర్ష్య, అతిమోహం, ఒకరి సొమ్ము మీద ఆశ. మాటలో ఆపుకోవలసినవి పరుషం, చాడీ, అబద్ధం, వేళకాని మాట.

ఈ రెండు పట్టికలనూ దగ్గర పెట్టుకుని ఒక రాత్రిని చూడవచ్చు. పదకొండున్నర అయింది. కళ్లు మండుతున్నాయి. ఆవులింత వచ్చింది, నోరు మూసుకుని మింగేసి ఫోన్లో ఇంకో వీడియో పెట్టారు. దప్పికగా ఉంది, లేచి వెళ్లడానికి బద్ధకం. కింద ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి రాసిన కామెంట్ కనబడింది. ఛాతీలో ఏదో గుప్పుమంది. వేళ్లు చకచకా ఆడాయి, ఘాటైన జవాబు వెళ్లిపోయింది. ఇక అవతలివాడు ఏమంటాడోనని పది నిమిషాలకోసారి చూడడం. ఒంటిగంట. నిద్ర వచ్చి వెళ్లిపోయింది. ఆపుకోకూడని ఆవులింత, దప్పిక, నిద్రను ఆపుకున్నారు. ఆపుకోవలసిన కోపాన్ని, పరుషపు మాటను వదిలేశారు. రేపు పొద్దున తలబరువు తప్పదని తెలుసు. నిన్న కూడా ఇలాగే జరిగిందని తెలుసు. అయినా చేశారు. అదే ప్రజ్ఞాపరాధం. దానికి పెద్ద పాపమేమీ చేయనక్కర్లేదు.

గీత రెండో అధ్యాయంలో ఇదే మెట్లదారి కనబడుతుంది. ఇంద్రియ విషయాలను తలచుకుంటూ ఉంటే సంగం, అంటే వాటి మీద తగులం, సంగం నుంచి కామం, కామం నుంచి క్రోధం, క్రోధం నుంచి సమ్మోహం, దానినుంచి స్మృతిభ్రంశం, తర్వాత బుద్ధినాశం. చరకుడి మూడు మాటల్లో రెండు ఇక్కడా ఉన్నాయి. ఒకరు వైద్యం చెబుతున్నారు, ఒకరు యోగం చెబుతున్నారు. ఇద్దరూ వేలుపెట్టి చూపిన చోటు ఒక్కటే, మనిషికి తెలిసినదానికీ చేసేదానికీ మధ్య ఉన్న సందు. ఆ సందు తిండితో పూడదు, మాత్రలతో పూడదు. చరకుడు మూడు రకాల చికిత్సలు చెప్పినప్పుడు మందూమాకులతో పాటు సత్త్వావజయం అని విడిగా ఒకటి పెట్టింది ఇందుకే. హితం కాని వాటినుంచి మనసును మళ్లించి పట్టుకోవడం దాని అర్థం.

యోగమంటే ఆసనాలే అనుకునే అలవాటు ఇక్కడే నష్టం చేస్తుంది. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించినప్పుడు ఆ తీర్మానాన్ని 177 దేశాలు సమర్థించాయి. సంతోషించాల్సిన విషయమే. ఆసనాలు ఒంటికి నిలకడ, తేలికదనం ఇస్తాయని హఠయోగ గ్రంథాలూ చెప్పాయి. కానీ సుమారు 195 యోగసూత్రాల్లో ఆసనం గురించి నేరుగా ఉన్నవి మూడు. అంతకంటే ముందే, మొదటి పాదంలోనే, సుఖంగా ఉన్నవాళ్లతో స్నేహం, బాధలో ఉన్నవాళ్ల మీద కరుణ, మంచి చేసేవాళ్లను చూసి ముచ్చట, చెడు చేసేవాళ్లను పట్టించుకోకపోవడం వల్ల చిత్తం ప్రసన్నమవుతుందని పతంజలి చెప్పాడు. వెన్ను వంచడం కంటే, పక్కవాడి సుఖం చూసి కడుపు మండకుండా ఉండడం ఎంత కష్టమైన అభ్యాసమో చేసి చూస్తేనే తెలుస్తుంది.

తేరిన నీరు

ప్రసన్నం అన్న మాట సుశ్రుతుడి దగ్గరా ఉంది, పతంజలి దగ్గరా ఉంది. నవ్వుముఖం అన్న అర్థంలో ఇప్పుడు వాడుతున్నాం గానీ సంస్కృతంలో నీటికి కూడా ఈ మాట వాడతారు. బురద అడుగుకు దిగి తేటపడిన నీరు ప్రసన్నం. తెలుగులో ఇంకా అందంగా ఉంది. నీరూ తేరుకుంటుంది, జబ్బుపడ్డ మనిషీ తేరుకుంటాడు.

మొదట్లో వచ్చిన చిక్కుకు దారి ఇక్కడ దొరుకుతుంది. నీళ్లు కలకబారినప్పుడు అందులో చంద్రుడు చెదిరిపోయి కనబడతాడు. చంద్రుడికి ఏమీ కాలేదు. ఆత్మ నిర్వికారమన్న చరకుడి మాట, ఆత్మ ప్రసన్నంగా ఉండాలన్న సుశ్రుతుడి మాట ఒకదానికొకటి అడ్డురావు. ఆత్మను బాగుచేయడమనే పని లేదు. అది కనబడేలా మనసు తేరుకోవాలి. మూడో కర్రకు మరమ్మతు అక్కర్లేదు, మిగతా రెండూ దానికి ఆనుకుని ఉండాలి. ఆనుకోకపోతే ఏమవుతుందో చరకుడు శారీరస్థానం మొదటి అధ్యాయంలో పట్టుపురుగును చూపిస్తాడు. అది తనలోంచే దారం తీసి తన చుట్టూ తానే అల్లుకుంటుంది. ఆ దారమే దాని ప్రాణం తీస్తుంది. తెలియనివాడు విషయాలనుంచి తృష్ణను అలా లాగి చుట్టుకుంటాడట. తృష్ణ లేకుండా చేసే చికిత్సే చివరి చికిత్స అని ఒక వైద్యగ్రంథం రాసుకుంది. వాగ్భటుడు తన వైద్యగ్రంథం అష్టాంగహృదయం మొదటి శ్లోకంలోనే, ఎప్పుడూ వెంటపడి వచ్చే రాగం మొదలైన రోగాలను నిర్మూలించిన అపూర్వ వైద్యుడికి నమస్కారం పెడతాడు. జ్వరం గురించి చెప్పబోయే పుస్తకం రాగద్వేషాలనే మొదటి రోగాలుగా లెక్కపెట్టింది.

దీన్ని నేల మీదికి దించిన చోటు కూడా ఉంది. ఒంటికి సత్తువ, ఆయుష్షు ఇచ్చే మందును ఆయుర్వేదంలో రసాయనం అంటారు. చ్యవనప్రాశ తయారీ చెప్పిన చరకుడి రసాయనాధ్యాయంలోనే చివర ఆచార రసాయనం, అంటే నడవడి అనే మందు వస్తుంది. నిజం చెప్పేవాడు, కోపం లేనివాడు, మద్యానికి దూరంగా ఉండేవాడు, ఒంటిని మరీ శ్రమపెట్టనివాడు, తీయగా మాట్లాడేవాడు, ఇచ్చే చేయి ఉన్నవాడు, నిద్రా మెలకువా సమంగా ఉన్నవాడు, పెద్దల్ని గౌరవించేవాడు రోజూ రసాయనం సేవిస్తున్నట్టే. ఈ నడవడి లేకుండా సీసాలు ఖాళీ చేస్తే ఫలితం ఎంత ఉంటుందో చరకుడి ధోరణి చూస్తేనే అర్థమవుతుంది.

రోగిని నిందించడానికి కాదు

ఈ ఆలోచనకు ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచకూడదు. మనసు వల్ల జబ్బు వస్తుందన్న మాట నోట పడగానే జబ్బుపడ్డవాడిని తప్పు పట్టడం మొదలవుతుంది. "నువ్వు పాజిటివ్‌గా ఆలోచించలేదు", "ఏ జన్మలో ఏం చేశావో" అని మంచం పక్కన నిలబడి అనేవాళ్లున్నారు. కాన్సర్ వచ్చినవాళ్లకు, డిప్రెషన్‌తో కుంగిపోయినవాళ్లకు ఇంతకంటే క్రూరమైన మాట ఉండదు. కర్మ గురించి మన గ్రంథాల్లో ఉన్నమాట నిజమే. కానీ అవే గ్రంథాలు చికిత్సకు నాలుగు పాదాలున్నాయని, వైద్యుడు, మందు, సేవ చేసేవాళ్లు, రోగి నలుగురూ బాగుంటేనే పని జరుగుతుందని చెప్పాయి. నిందించేవాళ్లకు అందులో పాదం లేదు. వేదాంత గ్రంథమైన యోగవాసిష్ఠం కూడా ఆధి వల్ల పుట్టిన జబ్బులు వేరు, ఆధితో పనిలేకుండా వచ్చేవి వేరని విడదీసి, రెండోవాటికి మందులూ వైద్యమూ చూడమంది. ధ్యానం ఉంది కదా అని ఇన్సులిన్ మానేయమని ఏ ఋషీ చెప్పలేదు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడం భక్తి తక్కువవడమూ కాదు.

జబ్బంతా ఒక్క మనిషి లోపలే పుడుతుందని కూడా చరకుడు అనలేదు. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో, ఆ గ్రంథంలో గురువైన ఆత్రేయుడు పాంచాల దేశంలోని కాంపిల్య నగరం దగ్గర, వేసవి చివరి నెలలో, గంగ ఒడ్డున అడవిలో శిష్యులతో నడుస్తూ వాళ్లలో ఒకడైన అగ్నివేశుడికి చెబుతాడు. భూమి రసం కోల్పోకముందే మూలికలు సేకరించి పెట్టుకోండి, జనపదాలు పాడయ్యే రోజులొస్తున్నాయని. వేర్వేరు తిండి, వేర్వేరు బలం, వేర్వేరు మనసులున్న ఇంతమంది ఒకేసారి ఒకే జబ్బుతో ఎలా పోతారని శిష్యుడి ప్రశ్న. గాలి, నీరు, నేల, కాలం నాలుగూ అందరికీ ఉమ్మడివి కాబట్టి, అవి చెడితే అందరూ చెడతారని గురువు జవాబు. అవెందుకు చెడతాయి? దేశానికి, నగరానికి పెద్దలుగా ఉన్నవాళ్లు ధర్మం తప్పి జనాన్ని నడిపినప్పుడు. దాని వెనక ఉన్నది మళ్లీ ప్రజ్ఞాపరాధమే, ఈసారి అధికారంలో ఉన్నవాళ్లది. మురుగు కలిసిన నీళ్లు తాగి జబ్బుపడ్డ పిల్లవాడి జాతకంలో తప్పు వెతకడం చరకుడికి తెలియని వైద్యం.

చరకుడు ఆయుర్దాయాన్ని రెండు కొలతలతో కొలిచాడు. ఒకటి సుఖాయువు, దానికి ఎదురు దుఃఖాయువు. ఒంటికీ మనసుకూ జబ్బు లేకుండా, బలంతో, యౌవనంతో, సంపదతో, అనుకున్నది చేయగలిగేలా సాగే బతుకు సుఖాయువు. రెండోది హితాయువు, దానికి ఎదురు అహితాయువు. అందరి మేలు కోరడం, ఒకరి సొమ్ముకు ఆశపడకపోవడం, నిజం పలకడం, శాంతంగా ఉండడం, ఆలోచించి పని చేయడం, రాగం, కోపం, ఈర్ష్య, గర్వం తాలూకు వేగాలను పట్టి ఉంచడం హితాయువు లక్షణాలు. ఈ రెండో పట్టికలో ఒంటి బలం లేదు, యౌవనం లేదు. కండలు తిరిగిన శరీరం, ఏ దిగులూ ఎరగని మనసు ఉండి పదిమందిని ఏడిపించే మనిషికి సుఖాయువు ఉండవచ్చు, హితాయువు లేదు. ఏళ్ల తరబడి మంచం మీద ఉండి, పక్క మార్చడానికి వచ్చినవాళ్లను "నువ్వేమైనా తిన్నావా, కళ్లు లాగేసినట్టున్నాయే" అని అడిగే మనిషికి సుఖాయువు లేదు. ఆ మనిషిది హితాయువు.